కృప, విమోచన: మన విమర్శ దాటవేసిన లెక్క

1

కొన్నేళ్ల కిందట నారాయణఖేడులో జాషువా కవిత్వం మీద మాట్లాడవలసి వచ్చింది. మనకు అలవాటైన పద్ధతిలోనే మాట్లాడాను. 'గబ్బిలం'లోని నిరసనను మెచ్చుకున్నాను. 'క్రీస్తు చరిత్ర' దగ్గరకు వచ్చేసరికి, మతవిశ్వాసం కవి చైతన్యానికి హద్దు గీసిందనీ, కృప అనే భావన పీడితుణ్ణి దాత ముందు చేతులు కట్టుకుని నిలబెడుతుందనీ రెండు వాక్యాల్లో తేల్చేశాను. సభ ముగిశాక డిగ్రీ చదువుతున్న ఒక యువకుడు దగ్గరకు వచ్చాడు.

"సార్, కృప అంటే దొర దయ అన్నరు. మా నాయన అట్ల అనుకోడు."

"మరి ఎట్లా అనుకుంటాడు?"

"మా తాత చేసిన బాకీకి మా నాయన పటేలింట్ల జీతమున్నడు. ఎన్నేండ్లు చేసినా బాకీ తీరలే. ఆఖరికి మా అమ్మ పుస్తె అమ్మి కట్టింది. చర్చిల విమోచన అన్నప్పుడల్ల మా నాయన అమ్మ దిక్కు చూస్తడు. దొర దిక్కు చూడడు సార్."

నా దగ్గర జవాబు లేదు. బస్సు వేళయిందని చెప్పి బయలుదేరాను.

కోస్తా పాఠకుల కోసం ఒక మాట. ఇక్కడ 'జీతముండడం' అంటే నెలనెలా వేతనం పుచ్చుకోవడం కాదు. బాకీ కింద మనిషినే పనికి కట్టివేయడం. ఈ కట్టుబానిసత్వాన్ని 1975 అక్టోబరులో ఆర్డినెన్సు ద్వారా, 1976లో చట్టం ద్వారా రద్దుచేశారు. అలాంటి బాకీలు వసూలు చేసే హక్కు ఎవరికీ లేదని ఆ చట్టం చెబుతున్నది. ఆ యువకుడి తండ్రి జీతమున్నది చట్టం వచ్చిన తర్వాతే. అంటే కట్టనక్కరలేని బాకీకి ఆ తల్లి పుస్తె అమ్మింది.

నేను ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఈ వ్యాసం. నా వాదం క్లుప్తంగా ఇది: కృప, విమోచన అనే మాటలను మన అభ్యుదయ విమర్శ పైవాడి భాషగానే చదివింది. కిందివాడు వాటిని అప్పుల భాషగా విన్నాడు. ఆ తేడా పట్టుకోకుండా తెలుగు దళిత సాహిత్యంలోని క్రైస్తవాన్ని అంచనా కట్టలేం.

2

ముందు మాటల సంగతి చూద్దాం. తెలంగాణలో 'విమోచన' అనగానే 1948 సెప్టెంబరు 17 గుర్తుకొస్తుంది. ఆనాడు జరిగింది విమోచనా, విలీనమా, విద్రోహమా అనే తగాదా మనకు తెలిసిందే. తెలుగు బైబిలు చదివేవారికి ఆ మాట మరొక మాటతో జంటగా పరిచయం: విమోచన క్రయధనం. క్రయం అంటే కొనుగోలు. దీని వెనక ఉన్న గ్రీకు మాట బానిసనో యుద్ధఖైదీనో విడిపించడానికి చెల్లించే సొమ్మును సూచిస్తుంది. ఇంకా వెనక్కి, హీబ్రూ ధర్మశాస్త్రంలోకి వెళితే లేవీయకాండం 25వ అధ్యాయం ఉంది. బీదతనం వల్ల భూమి అమ్ముకున్నవాడి భూమినీ, తననే అమ్ముకున్నవాణ్ణీ దగ్గరి బంధువు విడిపించవచ్చు. విడిపించేవాడు ఎవడూ లేకపోయినా యాభయ్యో ఏడు వస్తుంది. దాని పేరు సునాద సంవత్సరం. ఆ ఏడు భూమి పాత కుటుంబానికి తిరిగి రావాలి, అమ్ముడుపోయినవాడు ఇంటికి పోవాలి. ఆ చట్టం ఎంతవరకు అమలైందన్న ప్రశ్న పక్కన పెడదాం. ఇశ్రాయేలీయేతర బానిసలకు అది వర్తించదన్న లోపాన్నీ మరవద్దు. కాని విమోచన అనే భావన పుట్టింది ఆకాశంలో కాదు, అప్పుపత్రం మీద అన్నది మనకు ముఖ్యం.

క్రైస్తవ సిద్ధాంతం ఈ అప్పుల భాషను మనిషి అంతరంగానికి అన్వయించింది. మనిషి పాపానికి బానిస. తన పుణ్యం తో తనను తాను విడిపించుకోలేడు. క్రీస్తు మరణం ఆ విడుదలకు మూల్యం. ఆ విడుదల మనిషి యోగ్యతకు ప్రతిఫలంగా రాదు, ఉచితంగా వస్తుంది. ఆ ఉచితానికే కృప అని పేరు.

సరే, మూల్యం చెల్లించింది ఎవరికి? ఈ ప్రశ్న మనం కొత్తగా వేస్తున్నది కాదు. సాతానుకే చెల్లించాడని తొలి శతాబ్దాల క్రైస్తవాచార్యులు కొందరన్నారు. మనిషి వల్ల దేవుడి గౌరవానికి కలిగిన నష్టాన్ని పూడ్చడానికి దేవుడికే చెల్లించాడని 1098లో పూర్తిచేసిన గ్రంథంలో ఆన్సెల్ము వాదించాడు. ప్రభువు గౌరవానికి భంగం కలిగితే రైతు పరిహారం కట్టవలసిన భూస్వామ్య ఐరోపాలో ఆ వాదానికి నీడ దొరకడం సహజం. అసలు ఇందులో చెల్లింపు ప్రసక్తి లేదు, క్రీస్తు ప్రేమ మనిషి మనసును కదిలించడమే విడుదల అని పన్నెండో శతాబ్దంలో అబెలార్డు అన్నాడు. అంటే అప్పు ఇచ్చినవాడు ఎవడనే విషయంలో చర్చిలోనే ఏకాభిప్రాయం లేదు.

నారాయణఖేడు పల్లెల్లో ఈ సందేహం రాదు. అప్పు ఇచ్చినవాడి ఇల్లు అందరికీ తెలుసు. జీతాల రోజులు పోయాయని మనం అనుకున్నా లెక్కల పుస్తకం పోలేదు. ఈ ప్రాంతపు పల్లెల నుంచీ తండాల నుంచీ కుటుంబాలకు కుటుంబాలు చెరకు నరకడానికి వలస పోతాయి. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటాయి. సీజను చివర చేసిన పని తక్కువగా, తీసుకున్న డబ్బు ఎక్కువగా తేలితే వచ్చే ఏడు మళ్లీ అదే మేస్త్రీ వెంట పోవాలి. ఇటువంటి చోట విమోచన అనే మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు.

3

ఇక కృప. ఈ మాట తెలుగు పల్లెకు వచ్చేనాటికి అక్కడ మరొక లెక్క అమలులో ఉంది. అది కర్మ లెక్క. ఈ జన్మలో నీకు దక్కినదంతా పూర్వజన్మలో నువ్వు సంపాదించుకున్నదే. మాల, మాదిగ పుట్టుక కూడా నీ సంపాదనే. ఈ లెక్కలో ఉచితమనేది లేదు, అన్యాయమనేదీ లేదు. ప్రతి దెబ్బకూ ఒక పాత పద్దు చూపించవచ్చు.

అలా శతాబ్దాలుగా విన్నవాడికి ఎవరో వచ్చి, నీ విలువ నీ సంపాదన మీద ఆధారపడి లేదని చెప్పారనుకుందాం. భావవాదమే, ఒప్పుకుంటాను. కాని ఒక భావవాదం మరొక భావవాదాన్ని ఎక్కడ దెబ్బకొడుతున్నదో చూడకపోతే మనది గతితర్కం కాదు. 1844లో మార్క్సు మతాన్ని మత్తుమందుతో పోల్చిన సంగతి మనమంతా చెప్పుకుంటాం. అదే చోట మతం బాధకు వ్యక్తీకరణ మాత్రమే కాదు, బాధ మీద నిరసన కూడా అని అతడు అన్నది సౌకర్యంగా మరిచిపోతాం.

జాషువాను ఈ వెలుగులో మళ్లీ చదవాలి. 1895లో వినుకొండలో పుట్టిన ఈ క్రైస్తవుడు 1941లో 'గబ్బిలం' రాశాడు. ఆకలితో ఉన్న చర్మకారుడు గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి సందేశం పంపుతాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. క్రైస్తవ కవి తన సందేశాన్ని క్రీస్తుకు పంపకుండా శివుడికి పంపడమేమిటని అడిగినవారున్నారు. సందేశం ఏమిటో చూస్తే ఆ ప్రశ్న నిలవదు. అతడు పంపింది ప్రార్థన కాదు, ఫిర్యాదు. ఫిర్యాదు ఎవరి కచేరీలో అన్యాయం జరిగిందో అక్కడే చేస్తారు. కర్మ పేరు చెప్పి తన నోరు నొక్కి తన కష్టార్జితాన్ని కాజేశారన్నది ఆ ఫిర్యాదులో ప్రధానాంశం. మరో మాటలో చెప్పాలంటే, పద్దు తప్పుడు పద్దు అంటున్నాడు.

'క్రీస్తు చరిత్ర' (దీనికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది) ఈ ఫిర్యాదుకు అవతలి సగం. పూర్వజన్మ పద్దులు అడగని దేవుడి కథను, ఆ పద్దులు రాసిన సంప్రదాయపు పద్యంలోనే చెప్పడం అందులోని సాహసం. నేను నారాయణఖేడులో దీన్ని చైతన్యానికి హద్దు అన్నాను. హద్దు కవిది కాదు, నా చదువుది. జాషువాను హిందూ కావ్య సంప్రదాయంలో రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు, పుట్టుక కారణంగా అగ్రవర్ణ పండితులు అవమానించారు. రెండు కచేరీల్లోనూ ముద్దాయిగా నిలబడ్డ మనిషి కృప అన్నప్పుడు ఆ మాటలో అణకువ ఒక్కటే వినడం విమర్శకుడి చెవి లోపం.

అయితే ఇదే సిద్ధాంతంలో ఒక ప్రమాదం కూడా ఉంది. దాన్ని దాచడం నా ఉద్దేశం కాదు. అందరూ పాపులే, అందరూ దేవుడికి బాకీదారులే అన్నప్పుడు పటేలూ జీతగాడూ ఒకే వరుసలో నిలబడతారు. అప్పు ఇచ్చి మనిషిని కట్టేసినవాడికీ కట్టుబడినవాడికీ తేడా చెరిగిపోతుంది. పటేలుకు ఇది హాయి. పల్లె విశ్వాసి మాత్రం దీన్ని ఇంకో కొసనుంచి విన్నాడు: దొర కూడా పాపే. ఒక్క వాక్యం, రెండు వర్గాలు, రెండు అర్థాలు. సాహిత్యంలో ఏ అర్థం పలుకుతున్నదో తేల్చడమే విమర్శ పని.

4

చరిత్రలో ఈ మాట ఎలా నడిచిందో రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది ఒంగోలు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని, ఎక్కువగా మాదిగలకు పని కల్పించాడు. తిండి కోసం మతం మారారనే నింద అప్పటి నుంచీ ఉంది. కాని కరువు సాయం నడుస్తున్నంతకాలం అతడు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తిండి కోసమే అయితే పని ముగిశాక ఎందుకు వచ్చారు? 'బియ్యం క్రైస్తవులు' అని నవ్వేవాళ్లతో పాటు మనం కూడా నవ్వి ఈ ప్రశ్నను దాటిపోయాం.

రెండోది మెదక్. నారాయణఖేడు అప్పట్లో నిజాం రాజ్యంలోని బీదరు జిల్లాలో ఉండేది. 1956లో మెదక్ జిల్లాలోకి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువులో జనానికి పని కల్పించి, అన్నం పెట్టి ఆ చర్చి కట్టించాడని ఈ ప్రాంతమంతా కృతజ్ఞతతో చెప్పుకుంటారు.

ఇక్కడే విమర్శకుడు ఆగాలి. రాయి మోయించుకుని అన్నం పెట్టడం కృప కాదు, కూలి. కృప అంటే పనికి ప్రతిఫలంగా రానిది అని చెప్పింది ఆ సిద్ధాంతమే కదా! కూలిని కృప అని పిలవడం దగ్గరే దొర దయ మొదలవుతుంది. పోస్నెట్ సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. ఆకలి చావుల మధ్య పని చూపించడం గొప్ప సంగతే. కాని ఆ కథ చెప్పే తీరులో ఇచ్చినవాడి పేరు మిగిలింది, మోసినవాళ్ల పేర్లు పోయాయి. మిషనరీల జీవితచరిత్రల భాషను మనం పరీక్షించవలసింది ఈ కోణం నుంచి.

మతం మారిన తర్వాత పద్దు కొట్టివేశారా? చర్చిలో రెడ్డి క్రైస్తవులు రెడ్లుగానే ఉన్నారు, మాల మాదిగలు వేరువేరుగానే ఉన్నారు. మెదక్ డయోసీసు పల్లె క్రైస్తవుల మీద ల్యూక్, కార్మన్‌లు 1968లో ప్రచురించిన అధ్యయనం చదివితే, మతం మారినా వాళ్లు ఊరి కులవ్యవస్థలోనూ ఊరి పండుగల్లోనూ భాగంగానే మిగిలారని తెలుస్తుంది. రాజ్యం మాత్రం మరో లెక్క వేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారితే కులం పోయిందని రాజ్యం అంది. 1985 జూలై 17న కారంచేడులోనూ 1991 ఆగస్టు 6న చుండూరులోనూ దళితులను వెంటాడి చంపినవారు, నీది ఏ ప్రార్థన అని ఎవరినీ అడగలేదు.

5

ఇన్ని అర్థాల మధ్య ఒక కృతిలోని కృపను అంచనా వేయడానికి కొలమానం ఉందా? ఉందనుకుంటాను. కృప దిగిన తర్వాత లెక్కల పుస్తకం ఏమైందని అడగాలి.

ప్రపంచంలో అత్యధికంగా పాడే ఇంగ్లీషు కృపాగీతం 'అమేజింగ్ గ్రేస్' రాసినవాడు జాన్ న్యూటన్. 1748లో తుఫానులో చావు తప్పించుకుని దేవుడివైపు తిరిగాడు. ఆ తర్వాతనే బానిసల ఓడకు కెప్టెన్ అయ్యాడు, 1754 దాకా ఆ ఉద్యోగం చేశాడు. ఆ వ్యాపారాన్ని బహిరంగంగా ఖండిస్తూ కరపత్రం రాసింది 1788లో. కృప అతని ఆత్మను తాకడానికీ అతని ఓడ అడుగున సంకెళ్లలో ఉన్నవాళ్ల పక్షాన నోరు తెరవడానికీ మధ్య నలభై ఏళ్లు పట్టింది.

సువార్తలో జక్కయ్య కథ దీనికి ఎదురు. అతడు రోమను పాలకుల కింద పన్నులు వసూలు చేసే పెద్ద, ధనవంతుడు. క్రీస్తు అతని ఇంటికి వస్తాడు. అక్కడికక్కడే జక్కయ్య ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తాననీ లేచి నిలబడి ప్రకటిస్తాడు. అక్కడ కృప ముందు వచ్చింది, వెనువెంటనే పుస్తకం తెరుచుకుంది. కృప కొట్టివేసింది బీదవాడి పద్దును. ధనికుడి పద్దును కొట్టివేయలేదు, బయటపెట్టింది.

మూల్యం లేకుండా, మారకుండా పుచ్చుకునే కృపను 'చౌక కృప' అని హిట్లరు కాలపు జర్మనీలో బాన్‌హోఫర్ 1937లో దుయ్యబట్టాడు. 1945 ఏప్రిల్‌లో నాజీలు అతన్ని ఉరితీశారు. మన చర్చి బోధల్లోనూ మన సాహిత్యంలోనూ చౌక కృప తక్కువేమీ కాదు.

ద్రాక్షతోట కూలీల కథ ఇంకా చిక్కైనది. తోట యజమాని తెల్లవారి కొందరిని, మధ్యాహ్నం కొందరిని, పొద్దుగూకే గంట ముందు కొందరిని పనిలో పెట్టుకుంటాడు. సాయంత్రం అందరికీ సమానంగా ఒక్కొక్క దేనారం ఇస్తాడు. పొద్దుటి నుంచి చేసినవాళ్లు గొణుగుతారు. నా సొమ్ము నా ఇష్టమన్నట్టు యజమాని సమాధానం చెబుతాడు. ఇది అచ్చంగా దొర గొంతే, మనం తప్పక పట్టుకోవాలి. కాని అడ్డా మీద సాయంత్రం దాకా నిలబడ్డవాడి వైపు నుంచి చదవండి. తనను ఎవరూ పిలవలేదని అతడు అంటాడు. పని దొరకకపోవడం అతని తప్పు కాదు, ఇంట్లో ఆకలి మాత్రం పూర్తి రోజు ఆకలే. దేనారం ఒక రోజు కూలి, అంటే ఒక రోజు తిండి. పనిని బట్టి కాక అవసరాన్ని బట్టి పంచడమనే సూత్రాన్ని 1875లో గోథా కార్యక్రమం మీద విమర్శ రాస్తూ మార్క్సు భవిష్యత్తు సమాజానికి గమ్యంగా చెప్పాడు. రెండూ ఒకటేనని నేను అనను. ఒకచోట అది యజమాని ఇష్టం, మరొకచోట శ్రామికుల హక్కు. ఆ తేడాయే పోరాటం. కాని కూలివాడి ఊహలో ఆ దేనారం ఏ ఆశను నిలబెట్టిందో గుర్తించని విమర్శ, ఆ ఆశను హక్కుగా మార్చే దారి కూడా చూపలేదు.

6

ఈ కొలమానానికి నిలిచే నవల మనకుంది. 2000లో వచ్చిన జి. కల్యాణరావు 'అంటరాని వసంతం'. విప్లవ రచయిత రాసిన ఈ నవలలో తరాల కథను జ్ఞాపకం చేసుకునే స్త్రీ పేరు రూతు. బైబిలు రూతు కథ సరిగ్గా బంధువు విడిపించే ధర్మం మీద నడిచేదే. పేరు యాదృచ్ఛికమే కావచ్చు, పాఠకుడికి అందే అర్థం యాదృచ్ఛికం కాదు. కరువు, కాలువ పని, మతం మారడం ఈ నవలలో ఉన్నాయి. శివయ్య సైమన్ అవుతాడు. పేరు మారుతుంది, వెలి వెంటాడుతూనే ఉంటుంది. రచయిత క్రైస్తవాన్ని ఎగతాళి చేయలేదు, నెత్తినా పెట్టుకోలేదు. అది ఎంతవరకు విడిపించిందో, ఎక్కడ ఆగిపోయిందో తరాల నడకలో చూపించాడు. ఆగినచోట ఆ కుటుంబపు తర్వాతి తరం విప్లవోద్యమంలోకి నడిచింది. ప్రార్థనలోని విమోచనకూ ఉద్యమంలోని విమోచనకూ మధ్య గోడ కట్టకుండా, రెండింటినీ ఒకే అప్పు మీద జరిగిన రెండు ప్రయత్నాలుగా చూపడం ఈ నవల సాధించిన పని.

మన యువ రచయితలకూ విద్యార్థులకూ ఒక మనవి. మీ కథల్లో చర్చికి వెళ్లే ముసలమ్మ ఉంటుంది, ప్రభువు కృప అనే కూలివాడు ఉంటాడు. వాళ్లను వెర్రివాళ్లను చేయకండి, వాళ్ల మాటను అలంకారంగానూ వాడకండి. ఆ మాట ఏ బాకీ మీద నిలబడిందో కనుక్కోండి. పాస్టరు చెప్పే కృప పటేలు పద్దును కాపాడుతున్నదా, చింపుతున్నదా చూపండి. మనం కూడా పేదవాడి మీద దయతో రాస్తూ దాన్ని అభ్యుదయం అనుకుంటున్నామేమో చూసుకోవాలి. ఆ దయ కూడా పైనుంచి దిగేదే.

ఇక ఆ యువకుడి ప్రశ్నకు నా జవాబు. మీ నాయన సరిగ్గానే చూశాడు, తమ్ముడూ. విడిపించినవాళ్ల దిక్కే చూశాడు. మీ అమ్మ చేసింది కృప, దానికి సందేహం లేదు. కాని ఆమె పుస్తె పటేలు పెట్టెలోకి పోయింది. విమోచన అనే మాటను నమ్మే చర్చిగాని, ఆ మాటను జెండా మీద రాసుకున్న మనంగాని అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. చట్టం ఎన్నడో కొట్టేసిన బాకీకి ఆ తల్లి చెల్లించిన మూల్యాన్ని ఎవరు తిరిగి ఇప్పిస్తారు? జక్కయ్య లెక్క ప్రకారం అయితే నాలుగింతలు.